పాఠంలో ఒక సున్న తక్కువ

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. యుద్ధం ఇంకా ముగియలేదు. మదనపల్లెలో ఒక చిన్న ఆడవాళ్ల ఆసుపత్రిలో నర్సుగా ఉండేదాన్ని. వారానికి మూడు రోజులు పొద్దుటిపూట ఆసుపత్రి వెనక వసారాలో చాపలు పరిచి, చుట్టుపక్కల ఊళ్ల మంత్రసానులకు పాఠాలు చెప్పడం కూడా నా పనే.

చెప్పడానికి మా దగ్గర ఉన్న సరంజామా అంతా ఉచితంగా వచ్చిందే. సర్కారువాళ్లు మద్రాసు నుంచి గోడకు తగిలించే రంగుల పటాలు పంపేవాళ్లు. వాటితో పాటు సన్నటి ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని వచ్చేవి. ఒక పటంలో తల మీద తెల్ల టోపీ పెట్టుకున్న దొరసాని, మేజా పక్కన నిలబడి మెరిసే గిన్నెలో కత్తెర ఉడకబెడుతూ ఉంటుంది. దాన్ని మొదటిసారి తగిలించినప్పుడు మా ఆడవాళ్లు నవ్వారు.

"ఈమె ఇంట్లో పొయ్యి యాడుండాదమ్మా? పొగ గూడా రాలేదే!" అంది ఒకామె.

ఆ పుస్తకాలు వాళ్లు చదవలేరు. తెలుగులో ఒకటి దొరికింది గానీ, దాని భాష పురాణం చెప్పినట్టు ఉండేది. అందుకే నేనే రాయడం మొదలుపెట్టాను. చేతులు ఎట్లా కడుక్కోవాలి, బొడ్డు దేనితో కోయాలి, ఎప్పుడు ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురావాలి, ఇట్లా పద్నాలుగు పేజీలు, మా ఆడవాళ్లు మాట్లాడుకునే మాటల్లోనే రాశాను. మొదటి పేజీ పైన పెద్ద అక్షరాలతో, "ఇది అందరిదీ. ఎవరైనా రాసుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు" అని పెట్టాను.

ఆ మాట మా డాక్టరమ్మకు నచ్చలేదు. ఆమె మద్రాసులో చదివిన మనిషి, యాభై దాటింది, తక్కువ మాట్లాడుతుంది. "మిగతావి ఎక్కడికి పోయినా ఫర్వాలేదు. మందు కొలతలు ఊరూరా తిరగడం మంచిది కాదు" అంది.

"తెలిసినవాళ్లు ఒక్కరే ఉంటే వాళ్లు లేనప్పుడు బిడ్డ గతేంటి?" అని నేను వాదించాను. గెలిచాననే అనుకున్నాను.

దగ్గర్లో ఉన్న హైస్కూల్లో మైనపు కాగితం మీద రాసి అచ్చు తీసే సైక్లోస్టైల్ యంత్రం ఉండేది. హెడ్మాస్టరు వాడుకోమన్నారు. కాగితం కరువు రోజులు కాబట్టి పాత పరీక్ష పత్రాల వెనక వైపు అచ్చు వేశాం. పన్నెండు ప్రతులు వచ్చాయి.

అందులో తొమ్మిదో పేజీ పసిబిడ్డల కళ్ల గురించి. పుట్టిన నాలుగైదు రోజులకే కళ్లు చీము పట్టి చూపు పోయిన బిడ్డలను ఆ ప్రాంతంలో ఏటా చూసేవాళ్లం. పుట్టిన వెంటనే రెండు కళ్లల్లో ఒక్కొక్క చుక్క మందు వేస్తే అది రాదు. సిల్వర్ నైట్రేట్ అనే తెల్లటి ఉప్పును నీళ్లలో కలిపి ఆ మందు తయారు చేస్తారు. మేం దాన్ని కంటి ఉప్పు అనేవాళ్లం. కలిపిన మందు వెలుతురు తగిలితే పాడవుతుంది. అందుకని దూరపు ఊళ్లవాళ్లకు డాక్టరమ్మ తూచి ఇచ్చిన ఉప్పును చిన్న చిన్న పొట్లాలు కట్టి, ఒక నల్ల సీసా, చుక్కలు వేసే గాజు గొట్టం ఇచ్చి పంపేవాళ్లం. పొట్లం ఒకటికి, కాచి చల్లార్చిన నీళ్లు నూరు చుక్కలు. పాఠంలో అదే చెప్పాను. చుక్కలు లెక్కపెట్టించి మరీ చూపించాను.

ఒక సోమవారం పొద్దున క్లాసు మొదలుపెట్టబోతుంటే, ఊళ్లోనే ఉండే ఒక ముసల్మాను అవ్వ చెయ్యెత్తింది. ముప్పై ఏళ్లుగా కాన్పులు చేస్తున్న మనిషి. చదువు రాదు. ఇంటి దగ్గర మనవరాలు చదివి వినిపిస్తే వినేది.

"అమ్మా, ఒక మాట. మీరు నూరు సుక్కలంటిరి. మా పిల్ల కాయితం సూసి పది అంటాండాది. రెండుసార్లు సదివించినా. పదే అంటాండాది. నేను కాయితాన్ని నమ్మాల్నా, మిమ్మల్ని నమ్మాల్నా?"

"పిల్ల తప్పు చదివి ఉంటుంది అవ్వా" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి కాగితాలు తీసి నా ముందు పెట్టింది. తొమ్మిదో పేజీ, కింది నుంచి నాలుగో వరస. పొట్లం 1కి నీళ్లు 10 చుక్కలు.

అక్కడున్న అందరి కాగితాలూ లాక్కున్నట్టే తీసుకుని చూశాను. అన్నింట్లోనూ పదే. అచ్చులో చివరి సున్న పడలేదేమో, యంత్రం తప్పేమో అనుకుంటూ స్కూలుకు పరుగెత్తాను. మైనపు కాగితం ఇంకా పారేయలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాను. ఒకటి, సున్న. ఆ తర్వాత చోటు ఖాళీగా ఉంది. ఆ చోటును నా వేలితో తడిమి చూశాను. గీత పడిన గుర్తే లేదు. యంత్రం తప్పు కాదు. రాసింది నేను.

డాక్టరమ్మ రోగుల మధ్య ఉంది. నా ముఖం చూసి లేచి పక్క గదిలోకి వచ్చింది. చెప్పాను. ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"ఎన్ని కాపీలు?"

"పన్నెండు. తొమ్మిది ఇక్కడే. అవి తీసేసుకున్నాను. రెండు పుంగనూరులో, ఒకటి కుప్పంలో."

"వాళ్లందరూ నువ్వు చుక్కలు లెక్కపెట్టి చూపించినప్పుడు ఉన్నారా?"

అప్పటిదాకా నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. కుప్పం ఆమె లేదు. ఆమె నలభై ఏళ్ల విధవరాలు. నాలుగో తరగతి దాకా చదువుకుంది. క్లాసులో అందరికన్నా చురుకు. ఆ పాఠానికి రెండు రోజుల ముందు చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే వెళ్లిపోయింది. నేనే ఆమె కోసం కాగితాలు, ఆరు పొట్లాలు, సీసా మూట కట్టి బస్సులో తెలిసినవాళ్ల చేత పంపాను. పంపి పదకొండు రోజులు.

"పది చుక్కల్లో కలిపితే అది కన్ను కాలుస్తుంది" అంది డాక్టరమ్మ. "తంతి ఇచ్చి, నువ్వు బయల్దేరు. ఎవరి కంట్లోనైనా పడి ఉంటే మామూలు ఉప్పునీళ్లతో కడుగు. రుద్దనివ్వకు. కట్టు కట్టి ఇక్కడికి తీసుకురా." తన చేతులతోనే ఉప్పునీళ్లు కలిపి రెండు సీసాల్లో పోసి నా సంచిలో పెట్టింది.

కంటి మందు వాడవద్దని కుప్పానికి తంతి ఇచ్చాను. యుద్ధం రోజుల్లో తంతులు ఎప్పుడు చేరుతాయో చెప్పలేం. ఆ మాట పోస్టాఫీసులోనే అన్నారు.

పుంగనూరు బస్సు బొగ్గుతో నడిచేది. పెట్రోలు దొరకదు కాబట్టి బస్సు వెనక పెద్ద పీపాలాంటిది తగిలించి, అందులో బొగ్గు మండించి ఆ గాలితో నడిపేవాళ్లు. ఎత్తు వచ్చినచోటల్లా ఆగిపోయేది. క్లీనరు దిగి, నిప్పు రాజేసే తిత్తి చక్రం తిప్పేవాడు. మేమంతా దిగి నడిచేవాళ్లం. మూడోసారి ఆగినప్పుడు నేను డ్రైవరు దగ్గరికి పోయి, "అప్పా, ఇంకెంతసేపు?" అన్నాను.

"బొగ్గు తడిసుండాదమ్మా. నేనేం సేసేది?" అన్నాడతను.

దారి పక్క చెనిక్కాయ చేలల్లో ఆడవాళ్లు కలుపు తీస్తున్నారు. ఒకామె చేను గట్టు మీద బిడ్డను పడుకోబెట్టి, ముఖం మీద కొంగు కప్పింది. నేను చూపు తిప్పుకున్నాను.

పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం తిరిగింది. అక్కడి ఇద్దరిలో పెద్దామె ఇంటికి ముందు వెళ్లాను. ఆమె కాగితాలను బియ్యపు బానలో భద్రంగా దాచింది. విప్పి కూడా చూడలేదు. "నువ్వు సెప్పినట్టు నూరు ఎంచే కలిపినానమ్మా. నాకు సదువొస్తే గదా కాయితం సూసేది" అంది. ఆమె చదువు రానిదైనందుకు నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. చదువు చెప్పబోయిన మనిషిని నేనే.

రెండో ఆమె కూడా నూరు ఎంచే కలిపింది గానీ, ఆమె దగ్గర కాగితాలు లేవు.

"మా ఈదిలో అయివారు సూసి, శానా బాగుండాది, రాసుకుంటానని తీసకపాయె" అంది.

అయ్యవారంటే ఎలిమెంటరీ స్కూలు మాస్టరు. బడి వదిలే వేళకు పట్టుకున్నాను. నేను ఎవరో చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. బల్ల సొరుగులోంచి తన ప్రతులు తీసి చూపించాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. పైన నేను రాసిన మాటను ఎర్ర సిరాతో రాసి కింద గీత కూడా గీశాడు.

"మూడు రాసినానమ్మా. మీరే అన్నారు గదా, ఎవరైనా రాసుకోవచ్చని. ఇట్లాంటివి మనోళ్లకు ఎవరు సెప్తారు?"

"మూడూ ఇక్కడే ఉన్నాయా?"

"రెండుండాయి. ఒకటి సోమలకు పంపినాను. ఆడ మా అక్క కాన్పులు సేస్తాది."

తొమ్మిదో పేజీ తీసి చూపించి, ఏం జరిగిందో చెప్పాను. ఆయన కాసేపు ఆ వరసనే చూస్తూ నిలబడ్డాడు. "నేను గూడా రాసినానే" అన్నాడు మెల్లగా. "మూడుసార్లు రాసినాను. ఒక్కసారన్నా అనుమానం రాలేదు." అసలు కాగితాలూ, ఉన్న రెండు ప్రతులూ నా చేతిలో పెట్టాడు. గోడకు ఆనించిన సైకిలు తీశాడు. ధోవతి ఎగ్గట్టి, "మీరు కుప్పం పోండమ్మా. సోమల సంగతి నేను సూసుకుంటా" అని అటే వెళ్లిపోయాడు. భోజనం కూడా చేయలేదని తర్వాత తెలిసింది.

నేను పలమనేరు చేరి, తెలిసిన నర్సు ఇంట్లో ఉండి, మర్నాడు మొదటి బస్సుకు కుప్పం బయల్దేరాను. ఆ బస్సులో ఎవరితోనూ మాట్లాడలేదు. ఒడిలో ఉప్పునీళ్ల సీసాలు పట్టుకుని, పదకొండు రోజుల్లో ఒక మంత్రసాని ఎన్ని కాన్పులు చేస్తుందో వేళ్ల మీద లెక్కేస్తూ కూర్చున్నాను. రెండు కావచ్చు. నాలుగు కూడా కావచ్చు. లెక్క ప్రతిసారీ మారేది.

ఆమె ఇల్లు రైలు స్టేషను వెనక వీధిలో. తలుపు తట్టాను. తెరిచింది. కొంగు ఎడమ కంటికి అడ్డం పట్టుకుని ఉంది. ఆ కంటి కింది నుంచి దవడ దాకా మసి పూసినట్టు నల్లటి చార. కంటి ఉప్పు చర్మం మీద పడితే అట్లా నల్లబడుతుంది. చూడగానే నాకు తెలిసిపోయింది.

"అమ్మా, నువ్వా!" అంది ఆశ్చర్యంగా. "ఇప్పుడే తంతి వచ్చె. స్టేషన్లో గుమాస్తా సదివి సెప్పినాడు."

"బిడ్డ ఏదీ?" అన్నాను.

"ఏ బిడ్డ?"

"నువ్వు కాన్పు చేసిన బిడ్డ. కళ్లల్లో మందు వేసిన బిడ్డ."

"మొన్న పొద్దున పుట్టినాడు. పక్కీదే. బాగుండాడు. వానికి మందు ఎయ్యలేదమ్మా. ముందు నా కంట్లో ఏసుకున్న్యా."

 అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. అంతలోనే గుర్తొచ్చి లేచి, ఆమెను వెలుతురులో కూర్చోబెట్టి, కొంగు తీసి చూశాను. రెప్పలు వాచి అంటుకుపోయాయి. తెరిస్తే కంటి నల్లగుడ్డు మీద పాలపొరలాంటిది కనిపించింది. రెండు సీసాల ఉప్పునీళ్లతో కడిగాను. అప్పటికే రెండు రోజులు గడిచిపోయాయి. ఆమె పళ్లు బిగబట్టింది గానీ అరవలేదు.

"ఎందుకు వేసుకున్నావక్కా?"

"తెలీని మందు గదమ్మా. పది సుక్కల్లో ఆ పొట్లం కలిపితే శానా సిక్కగా ఉండాదనిపించె. ఆముదమైనా, కషాయమైనా నేను తాగి సూసినాకే పసిబిడ్డకు పోసేది. ఇదీ అట్లే ఏసుకున్న్యా. అగ్గి పెట్టినట్టాయె." కొంగుతో చెంప తుడుచుకుని, "నేనే తప్పు సదివినానేమో అనుకున్న్యా. నాలుగో తరగతి సదువు గదా" అంది.

ఆ మాటకు నేను తట్టుకోలేకపోయాను. "నువ్వు సరిగ్గానే చదివావక్కా. నేనే తప్పు రాశాను. నూరు రాయాల్సిన చోట పది రాశాను."

 ఆమె ముఖం మారింది. "పసిబిడ్డమ్మా" అంది. మళ్లీ "పసిబిడ్డ" అంది. మూడోసారి గొంతు పెంచి అంది. కోపమని అప్పుడర్థమైంది. "నిన్ను నమ్మి ఎయ్యబోయినానే! వానికి ఏసుంటే వాళ్లమ్మకు నేనేమని సెప్పేది?"



ఆమె లోపలికి పోయి కాగితాలు, ఒక పెన్సిలు తెచ్చి నా ముందు పడేసింది. "దిద్దు" అంది. దిద్దాను. "బిడ్డకు మందు ఎయ్యల్లా వద్దా?" అని అడిగింది.

"వేయాలి. పుట్టిన రోజే వేయాల్సింది. ఇప్పటికైనా వేయడం మంచిది."

"అట్లయితే ఈడే కలుపు. నా ముందర కలుపు."

నీళ్లు కాచి చల్లార్చాం. పాత సీసాను మళ్లీ మళ్లీ కడిగాం. పొట్లం విప్పి సీసాలో పోశాను. గాజు గొట్టంతో చుక్కలు వేయడం మొదలుపెట్టాను. ఆమె పక్కన కూర్చుని ఒంటి కన్నుతో చూస్తూ పైకి ఎంచింది. ఒకటి, రెండు, మూడు. అరవై దాటాక గొట్టం వేళ్ల మధ్య జారింది. ఒక్కసారిగా రెండు చుక్కలు పడ్డాయో మూడు పడ్డాయో తెలియలేదు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంత చిన్న తేడాకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు. సీసా ఎత్తి పెరట్లో ఒలకబోశాను. ఇంకో పొట్లం విప్పాను. ఈసారి గొట్టం ఆమె పట్టుకుంది. నేను ఎంచాను. నూరు పూర్తయ్యాక ఆమె గొట్టాన్ని చూపించి, "ముందు నా రెండో కంట్లో ఏస్తావా?" అంది.

"నా కంట్లో వేయి" అన్నాను.

వేసింది. మంట పుట్టింది, నీళ్లు కారాయి, అంతే. ఆమె నా కన్ను తెరిచి పట్టుకుని, తగ్గేదాకా కదలకుండా చూసింది. అప్పుడు ఇద్దరం పక్క వీధికి పోయాం. బాలింత వాళ్లమ్మ మమ్మల్ని చూసి పీట వేసింది. అక్కకు కన్ను ఎట్లా ఉందని అడిగింది. "దుమ్ము పడింది" అని చెప్పింది కుప్పం ఆమె. బిడ్డ నిద్రపోతున్నాడు. రెప్పలు విడదీసి చూశాను. కళ్లు శుభ్రంగా ఉన్నాయి. నా చేతులు ఆ పనికి పనికిరావనిపించి గొట్టం ఆమెకే ఇచ్చాను. ఒక్కొక్క కంట్లో ఒక్కొక్క చుక్క వేసింది. వాడు గుక్కపట్టి ఏడ్చాడు. ఎర్రగా కందిపోయి, పిడికిళ్లు బిగించి ఏడ్చాడు. కాసేపటికి తల్లి రొమ్ము పట్టుకుని, కళ్లు తెరిచి మా వైపు చూశాడు. 

మర్నాడు ఆమెను మదనపల్లెకు తీసుకొచ్చాను. డాక్టరమ్మ నెల రోజులు వైద్యం చేసింది. పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ నిలిచిపోయింది. ఆ కంటితో వెలుతురు, మనిషి ఆకారం తెలుస్తాయి, అంతకుమించి కనిపించదు.

సోమల నుంచి అయ్యవారు రెండో రోజే కబురు పంపాడు. అక్కడ కంటి ఉప్పే లేదు. అయితే వాళ్లక్క కాగితం మొత్తం కంఠతా పట్టింది. ఆ ఒక్క మాట మార్చి పలికించేందుకు పొద్దంతా పట్టిందట.

పద్నాలుగు పేజీలూ కాల్చేసి, ఇక రాయనని డాక్టరమ్మతో చెప్పాను. మొదట్నుంచీ వద్దన్న మనిషి గనక సరేనంటుందనుకున్నాను. ఆమె, "ఆమె కన్ను నీ కాగితం వల్లే పోయింది. దాన్ని నేను తేలిక చేసి మాట్లాడను. కానీ అందులో బొడ్డు కోసే పాఠం కూడా ఉంది. అది చదివాక సోమలలో కొడవలి మానేసి కత్తెర ఉడకబెడుతున్నారని ఆ మాస్టరు రాశాడు. అదెవరు చెప్తారు?" అంది.

మళ్లీ రాశాను. ఈసారి కొలతలన్నీ అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాశాను. మైనపు కాగితం ఎక్కించే ముందు చదువు రానివాళ్లను కూర్చోబెట్టి, పేజీ పేజీ పైకి చదివి వినిపించాను. వాళ్లు ఆపమన్నచోట ఆపాను. తర్వాత డాక్టరమ్మ చూసేది. ఆ తర్వాతే అచ్చు. ఎవరైనా రాసుకోవచ్చన్న మాట తీసేయాలా అని అడిగితే, ఉంచమంది. దాని కింద, రాసుకున్నవాళ్లు ఎవరి చేతనైనా సరిచూపించుకోవాలని ఇంకో వరస చేర్పించింది.

కుప్పం ఆమె వెళ్లిపోయేరోజు బస్సు దాకా వెళ్లాను. కొత్త కాగితాల కట్ట ఇస్తే తీసుకుంది, ఒడిలో పెట్టుకుంది. నన్ను క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. తర్వాతి రెండేళ్లలో కుప్పం వైపు నుంచి అయిదుగురు ఆడవాళ్లు క్లాసుకొచ్చారు. అందరినీ ఆమే పంపింది. తను మాత్రం మళ్లీ మదనపల్లె రాలేదు.

ఒకసారి నేను మద్రాసు నుంచి బెంగుళూరు పోతుంటే బండి కుప్పంలో ఆగింది. ప్లాటుఫారం మీద ఎవరినో రైలెక్కిస్తూ ఆమె కనిపించింది. పిలిచాను. ఎడమ వైపు నుంచి పిలిచానేమో, తల మొత్తం తిప్పితే గానీ ఆమెకు నేను కనిపించలేదు.

"ఎవరమ్మా?"

"నేనక్కా."

గుర్తుపట్టి కిటికీ దగ్గరికొచ్చింది. ఊచలు పట్టుకుని, "అన్నం తిన్న్యావా?" అని అడిగింది. తిన్నానన్నాను. ఇంకా ఏదో అనబోయింది. బండి కదిలింది.